గడపను చూచి గృహము నెన్నుకొనవలెను

గృహస్థాశ్రమము నాశ్రయించియే తక్కిన మూడు ఆశ్రమములును జీవించుచున్నవని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారి భిక్ష కొఱకు వచ్చునది గృహస్థుని వాకిటికే. వానప్రస్థుడు అడవికి బయలుదేరునది గృహస్థుని ఇంటి నుండియే. సన్న్యాసి క్షణకాలము నిలుచునది ఆ గడప యెదుటనే. కనుక ఇల్లు వెదకుట కేవలము లౌకికమైన పని యని భక్తులు తలపరాదు. ఇల్లు కొనువాడు నాలుగు గోడలను మాత్రమే కొనుట లేదు. తన సంతతి పుట్టి పెరిగి ధర్మము నేర్చుకొనుటకు ఒక చోటును ఎన్నుకొనుచున్నాడు.

నేడు చక్రాయపేట, వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో గృహము కొనగోరువారు ఏమేమి చూచుచున్నారు? మొదట దిక్కు చూతురు. తూర్పు వాకిలియా, ఉత్తరపు వాకిలియా యని. పిదప నీరు, బోరు ఎంత లోతు, వేసవిలో నిలుచునా యని. అటుపై త్రోవ, పిల్లల బడి, బస్సు నిలుచు చోటు, గాలి, వెలుతురు, ఈశాన్యమున దేవుని గది, ఆగ్నేయమున వంటిల్లు. కడపట ధర, బ్యాంకు అప్పు. ఇవన్నియు చూడదగినవే. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమును ఒక్కనాడు ధారపోయువాడు పది సార్లు చూచుకొనుట తప్పు కాదు.

అయితే ఇన్నింటిని చూచిన కన్ను తరచుగా దాటిపోవు చోటు ఒకటి కలదు. అది గడప. గడప కొయ్యదా, రాతిదా యని చూతురు గాని, ఆ గడపను దాటి ఎవరు లోపలికి రాగలరు, ఎవరు కన్నీటితో వెలుపలికి పోవుచున్నారు అని చూడరు. ఈ వ్యాసమున పాఠకులకు విన్నవింపదలచినది ఆ ఒక్క మాటయే.

శ్రీరాముడు చూచిన లక్షణములు

ఇంటికి తగిన చోటు వెదకుటలో మనకు ఆచార్యుడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడే. అరణ్యకాండమున, అగస్త్య మహర్షి సూచింపగా పంచవటికి చేరిన స్వామి, పర్ణశాలకు తగిన స్థలమును చూడుమని లక్ష్మణునితో చెప్పెను. ఎట్టి స్థలము? జలము సమీపమున ఉండవలెను. వనము రమ్యముగా ఉండవలెను. పూలు, సమిధలు, దర్భలు చేరువలో దొరకవలెను. వీటన్నింటికంటె ముందుగా స్వామి చెప్పిన లక్షణము వేరొకటి. ఆ చోట వైదేహి సంతోషముగా ఉండవలెను. పిదప నీవు, పిదప నేను అనెను. ఈ వరుసను పాఠకులు గమనింతురు గాక. ఇంటిలో పగలెల్ల మెలగు ఇల్లాలి సుఖము మొదట, తమ్ముని సుఖము తరువాత, తన సుఖము చివర. నేడు ఇల్లు చూడబోవు యజమాని ఈ వరుసను పాటించినచో ఎన్నో కాపురములలో కలతలు పుట్టకయే యుండును.

లక్ష్మణస్వామి ఏమని బదులిచ్చెను? నీవుండగా నేను నీకు అధీనుడను, ఇచట కట్టుమని నీవే సెలవిమ్ము అనెను. మన పూర్వాచార్యులు ఈ మాటలో శేషభూతుని స్వరూపమును దర్శించి పరవశించిరి. ఇల్లు ఎవరిది యను ప్రశ్నకు శ్రీవైష్ణవుడు చెప్పు సమాధానము ఇందులోనే యున్నది. కట్టునది మనము, చోటు చూపువాడు స్వామి.

లక్ష్మణుడు కట్టిన ఇల్లు మట్టిగోడల ఇల్లు. మంచి స్తంభములు నిలిపి, పొడవైన వెదుళ్ళు వేసి, జమ్మి కొమ్మలు పరచి, గడ్డితో ఆకులతో కప్పెను. గోదావరిలో స్నానము చేసి, తామరపూలు తెచ్చి, పుష్పబలి సమర్పించి, శాంతి జరిపిన పిమ్మటనే ఆ గృహమును అన్నకు చూపెను. చూచిన రాముడు తమ్ముని గాఢముగా కౌగిలించుకొనెను. ఆ కట్టడమునకు ఆయన ఇచ్చిన బహుమానము ఆ ఆలింగనమే.

మన సీమలోని పాత మిద్దెలును మట్టిని నమ్ముకొన్నవే. రాతిగోడలు, వాటిపై దూలములు, దంతెలు, ఆ కప్పుపై చౌడుమట్టి. వానకాలమునకు ముందు చౌడు చల్లి కప్పును సరిచేసికొనెడివారు. నడియింటికి వెలుతురు దిగుటకు మిద్దెపై గవాక్షి. వీధివైపున రెండు అరుగులు. నేల మీద ఈ జిల్లాలోనే దొరకు నాపరాతి బండలు. ఇప్పుడు సిమెంటు మిద్దెలు వచ్చినవి. అందులో దోషము లేదు. కాని మిద్దెతోపాటు అరుగు కూడ పోయినచో దారినపోవు బాటసారికి నీడ పోయినట్లే.

దిక్కు, నీరు

దిక్కు విషయమై ఒక మాట. వాస్తుశాస్త్రము పెద్దలు చెప్పినదే. దానిని తేలికగా చూడరాదు. కాని దక్షిణపు వాకిలి యన్నంతనే అది కీడుగా నెంచి, ఆ వీధిలోని వారిని కూడ అశుభముగా చూచుట తగదు. శ్రీరంగమున పవ్వళించియున్న రంగనాథుడు దక్షిణ దిక్కునకే అభిముఖుడై యున్నాడు. లంకకు మరలిపోవుచున్న విభీషణునికి తన చూపు ఎల్లప్పుడును అందవలెనని స్వామి ఆ దిక్కును కోరెనని స్థలపురాణము చెప్పుచున్నది. భక్తుడు ఉన్న దిక్కే భగవంతుడు చూచు దిక్కు. ఇంటి ముఖము ఎటున్నను, ఇంటిలోని వారి ముఖములు ఎటు తిరిగియున్నవో అది ముఖ్యము.

నీటి విషయము ఇంతకంటె గట్టిది. కడప జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియును ఒక ఏడు కురిసినట్లు మరియొక ఏడు కురియదు. కనుక కార్తికమాసమున చూచిన బావిని వైశాఖమున మరల చూడవలెను. ఆశ్వయుజమున నిండుగా వచ్చిన బోరు ఎండలలో ఎట్లున్నదో ఇరుగు పొరుగు వారిని అడుగవలెను. అడిగినప్పుడు మరియొక ప్రశ్న కూడ వేయవలెను: నీరు చాలని రోజులలో ఈ వీధివారు ఒకరి కొకరు బిందె నింపుకొననిత్తురా? ఇత్తురనినచో ఆ వీధిలో లోతు తక్కువ బోరు కూడ చాలును. ఈయరనినచో ఎంత లోతు బోరైనను ఆ ఇంటివారి దప్పి తీరదు.

గడప మహిమ

కడప యను పేరే గడప నుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఉత్తరము నుండి తిరుమలకు నడచిపోవు యాత్రికులు మొదట దేవుని కడపలో శ్రీలక్ష్మీవేంకటేశ్వరుని దర్శించి, పిదప ఏడుకొండల త్రోవ పట్టెడివారు. శేషాచలమునకు ఈ ఊరు గడప. ఆ స్వామి సన్నిధిలో ఉగాది నాడు కానవచ్చు దృశ్యము లోకప్రసిద్ధమైనది. ఆ దినమున మహమ్మదీయ సోదరులు కుటుంబములతో వచ్చి స్వామిని సేవింతురు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ యని, స్వామి తమ అల్లుడని వారి నమ్మకము. ఆడబిడ్డను చూడవచ్చిన పుట్టింటివారికి గడప అడ్డము కాదు. దేవుని గడప చెప్పు మొదటి పాఠమిది.

రెండవ పాఠము చక్రాయపేట మండలములోనే యున్నది. పాపఘ్ని నది కొండను చీల్చుకొని పారు చోట గండి క్షేత్రమున వీరాంజనేయస్వామి వెలసియున్నాడు. శ్రావణమాసపు శనివారములలో అచటికి భక్తులు తండోపతండములుగా వత్తురు. ఆ స్థలపురాణము మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. సీతాన్వేషణము చేయుచు శ్రీరాముడు ఆ త్రోవన పోవుచుండగా, అచట తపము చేయుచున్న వాయుదేవుడు తన ఆతిథ్యమును స్వీకరింపుమని వేడెను. తిరిగి వచ్చునప్పుడు స్వీకరించెదనని స్వామి మాట ఇచ్చెను. రావణవధానంతరము స్వామి మరలివచ్చు వేళకు వాయుదేవుడు ఆ కొండ నుండి ఈ కొండకు బంగారు తోరణము కట్టి ఎదురుచూచెను. అచట విశ్రమించిన శ్రీరాముడు తన బాణపు కొనతో బండపై ఆంజనేయుని రూపమును లిఖించెను. ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము రాతినుండి విడివడక నిలిచిపోయెను. తరువాతి కాలమున శిల్పి యొకడు దానిని ఉలితో విడదీయబోగా నెత్తురు కారినదని చెప్పుదురు. ఆ బంగారు తోరణము పుణ్యాత్ములకు మాత్రమే కానవచ్చునని, 1827లో మరణించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోకు అది కనబడినదని కూడ ప్రజలు చెప్పుకొందురు.

వాయుదేవుని ఇంటికి గోడలు లేవు, గదులు లేవు, దిక్కు లేదు. ఉన్నది ఒక తోరణము, వచ్చెదనన్న అతిథి కొఱకు ఎదురుచూపు. ఆ రెండింటితోనే అది శ్రీరాముడు అడుగుపెట్టిన గృహమైనది. గృహప్రవేశము నాడు మనము కట్టు మామిడాకుల తోరణము దేనికి గుర్తో గండి యాత్రికునికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎన్ని గదులు చాలును?

ఇల్లు చూడబోవువారు తప్పక అడుగు ప్రశ్న, గదులు ఎన్ని యని. దీనికి మన ఆళ్వార్ల చరిత్రలో సమాధానమున్నది. మన పెన్న ఉత్తర పినాకిని. నందికొండల ప్రాంతముననే పుట్టి తమిళదేశమునకు పారునది దక్షిణ పినాకిని. దాని తీరమున తిరుక్కోవలూరు కలదు. ఒక రాత్రి గాలివాన కురియుచుండగా పొయ్‌గై ఆళ్వారు ఒక ఇంటి ఇరుకైన నడవలో తలదాచుకొనెను. కొంతసేపటికి పూదత్తాళ్వారు వచ్చి చోటడిగెను. ఇచట ఒకడు పడుకొనవచ్చును, ఇద్దరు కూర్చుండవచ్చును, రమ్మని మొదటివారు పిలిచిరి. అంతలో పేయాళ్వారు వచ్చెను. ఇద్దరు కూర్చుండవచ్చును, ముగ్గురు నిలువవచ్చును, రమ్మనిరి. ముగ్గురు నిలిచియుండగా నాలుగవవాడెవడో నడుమ దూరి ఒత్తుచున్నట్లు తోచెను. ఎవడా యని పాశుర దీపములు వెలిగించి చూడగా ఆయన శ్రీమన్నారాయణుడు. దివ్యప్రబంధమున ఆ ముగ్గురు ఆళ్వార్లు పాడిన మూడు తిరువందాదులు అట్లు పుట్టినవి. నేటికిని ఆ స్వామికి సంస్కృతమున దేహళీశుడని పేరు. దేహళి యనగా గడప.

ఇందలి సూక్ష్మమును గ్రహింపవలెను. మొదటి ఆళ్వారు పడుకొనిన చోటు కూర్చుండు చోటుగా, కూర్చున్న చోటు నిలుచు చోటుగా తగ్గుచు వచ్చినది. అట్లు తగ్గినకొలది మనుష్యులు పెరిగిరి. మనుష్యులు పెరిగిన చోటికి భగవంతుడు వచ్చెను. అతిథికై ఒక గది విడిగా ఉన్న ఇల్లు మంచిదే. కాని ఆ గదికి ఏడాది పొడవున తాళమే వ్రేలాడుచున్నచో, కూర్చున్నవారు లేచి నిలిచి చోటిచ్చిన ఆ నడవ దానికంటె పెద్దది.

గొప్ప ఇంటికి ఉండు ఆపద యొకటి కూరత్తాళ్వానుల చరిత్ర తెలుపుచున్నది. కాంచీపురమునకు చేరువనున్న కూరమున ఆయన మహా సంపన్నుడు. పగలెల్ల అన్నదానము జరిగి, రాత్రి ఆ భవనపు తలుపులు మూయగా ఆ చప్పుడు వరదరాజస్వామి సన్నిధి వఱకు వినబడెడిదట. అది ఏమి ధ్వని యని పెరుందేవి తాయారు అడిగినట్లు తెలిసిన ఆళ్వాను సిగ్గుపడెను. నా తలుపు చప్పుడు అమ్మవారి చెవి సోకునంతగా పెరిగినదా యని తలచి, సర్వస్వమును దానము చేసి, భార్యతో కూడ శ్రీరంగమునకు నడచిపోయి రామానుజుల నాశ్రయించెను. అన్నము పెట్టిన తలుపు కూడ మూతపడునప్పుడు గర్వధ్వని చేయునేమో యని ఆ మహనీయుడు జంకెను. అన్నమే పెట్టని తలుపుల సంగతి ఏమి చెప్పవలెను?

గడప దాటి పోవువారు

ఇంతవఱకు లోపలికి వచ్చువారిని గూర్చి చెప్పితిమి. ఇక వెలుపలికి పోవువారిని గూర్చి చెప్పవలెను. ఇది కష్టమైన మాట. అయినను ధర్మము తెలిసినవారు దీనిని దాటవేయరాదు.

ఒక ఇల్లు అమ్మకమునకు వచ్చినదనుకొందము. తూర్పు వాకిలి, తియ్యని నీరు, చక్కని వీధి. ధర కూడ తక్కువ. అన్నదమ్ములిద్దరు త్వరపడి అమ్ముచున్నారు. కొనువారు వచ్చి అన్ని గదులు చూచిరి. పడమటి గదిలో ఒక వృద్ధురాలు మంచముపై కూర్చుండియున్నది. కొనువారు ఆ గది పొడవు వెడల్పులు కొలుచుకొని వెడలిపోయిరి. ఆ తల్లి ఎక్కడికి పోవునని అడిగినవారు లేరు. ఆ ఇంట పుట్టిన ఆడపడుచు అత్తవారింట నున్నది. ఆమెకు ఈ అమ్మకము తెలిసినదా? తెలిసి సంతోషముగా సంతకము చేయుచున్నదా? లేక పుట్టింటి రాకపోకలు పోవునను భయముతో చేయుచున్నదా?

ఆడబిడ్డకు తండ్రి ఆస్తిలో భాగము చట్టము ఇచ్చినదే. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలు వచ్చునట్లు 1986లో చేసిన సవరణ, అంతకు ముందు వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను హిందూ కుటుంబములలో కుమార్తెకు పుట్టుకతోనే ఆ హక్కు వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. కనుక కొనువారు ఈసీ చూచి, లింకు దస్తావేజులు చూచి, తృప్తిపడి ఊరకుండరాదు. ఆ కాగితములలో పేరులేని హక్కుదారులు ఇంకెవరైన ఉన్నారేమో విచారింపవలెను. ఇది కోర్టు భయముచేత మాత్రమే కాదు. ఆడపడుచు కన్నీరు పడిన గడపకు ఎంత పసుపు పూసినను, ఎన్ని కుంకుమబొట్లు పెట్టినను అది పచ్చబడదు.

అట్లే దేవుని మాన్యములు. ధూపదీప నైవేద్యములకై పూర్వులు ఇచ్చిన భూములలో ఇండ్ల స్థలములు చవుకగా దొరకునని ఆశపెట్టువారు ఉందురు. అట్టి దేవాదాయ భూములను ఇష్టము వచ్చినట్లు రిజిస్టరు చేయకుండ రిజిస్ట్రేషన్ చట్టములోని 22-ఏ సెక్షను నిషేధించుచున్నది. చట్టము సంగతి అట్లుండనిండు. స్వామి దీపపు నూనెను తగ్గించి మన ఇంట వెలిగించు దీపము ఎవరికి వెలుతురిచ్చును?

ఈ విషయమున మనకు దారిచూపువాడు శ్రీనివాసుడే. వైకుంఠమును వీడి వేంకటాద్రికి వచ్చినప్పుడు ఆయనకు ఇల్లు లేదు. ఆ కొండ వరాహస్వామిది. సమస్త జగత్తునకు యజమానుడైనవాడు ఆ కొండపై బలముచేత చోటు చేసికొనలేదు. నూరడుగుల స్థలమును అడిగి పుచ్చుకొనెను. లక్ష్మి దగ్గర లేని సమయమగుటచే ఇచ్చుటకు ధనము లేదు, మాట ఇచ్చెను. తొలి దర్శనము, తొలి నైవేద్యము వరాహస్వామికే యని ఆ మాట. నేటికిని తిరుమలలో పుష్కరిణి ఒడ్డుననున్న వరాహస్వామిని మొదట దర్శించి పిదప ఆనందనిలయమునకు పోవుట సంప్రదాయము. చోటు ఇచ్చినవానిని మఱవక, ప్రతిదినము తనకంటె ముందు నిలుపుచున్న గృహస్థుడు మన స్వామి. ఆయన భక్తులమని చెప్పుకొను మనము, ఇల్లు అమ్మినవారిని రిజిస్టరు కచేరి మెట్లు దిగగానే మఱచిపోవచ్చునా?

పైన చెప్పిన వృద్ధురాలి విషయమున కొనువాడు చేయగలిగినది కొంత కలదు. ఆమెకు వేరొక చోటు కుదురు వఱకు గడువు ఇయ్యవచ్చును. ధరలో ఆమె పేర కొంత పైకము బ్యాంకులో వేయవలెనని అమ్మువారిని కోరవచ్చును. కుమార్తెను పిలిపించి ఎదుటనే మాట్లాడవచ్చును. అప్పటికిని మనసు ఒప్పనిచో ఆ ఇంటిని విడిచి మరియొక ఇల్లు చూడవచ్చును. తక్కువ ధర వదులుకొనుట నష్టము కాదు. అది ఆ గడపకు చెల్లించిన తొలి నైవేద్యము.

స్వామి వెదకు ఇల్లు

అధ్యాత్మ రామాయణమున శ్రీరాముడు వాల్మీకి మహర్షిని చేరి, సీతతో కూడి కొంతకాలము నివసించుటకు తగిన చోటు చెప్పుమని అడుగును. లోకములన్నింటికి నీవే ఇల్లు, నీకు సర్వభూతములును ఇండ్లే యని మహర్షి నవ్వి, విశేషముగా అడిగితివి గనుక చెప్పెదనని కొన్ని ఇండ్లను చూపును. శాంతులై, అందరిని సమముగా చూచుచు, ఏ ప్రాణిని ద్వేషింపక నిన్ను భజించువారి హృదయములే నీకు తగిన గృహములనును. అటుపిమ్మటనే చిత్రకూటమునకు త్రోవ చెప్పును.

మనము ఇల్లు వెదకుచుండగా స్వామియును వెదకుచున్నాడు. ఆయన చూచునది తూర్పు వాకిలి కాదు, గదుల లెక్క కాదు. కనుక ఈ శ్రావణమున గండికి వచ్చిన యాత్రికులలో ఇల్లు కొనదలచినవారెవరైన ఉన్నచో, దిక్కు చూడుడు, నీరు చూడుడు, పత్రములు చూడుడు. పిదప ఆ ఇంటి గడప మీద ఒక్క నిముసము నిలువుడు. ఈ గడపలోనికి ఆకలిగొన్నవాడు రాగలడా? ఈ గడప నుండి ఎవరైన ఏడ్చుచు పోవుచున్నారా? ఈ రెండింటికి మంచి సమాధానము వచ్చినచో ఇల్లు దొరికినట్లే. తక్కిన లోపములను మేస్త్రీ సరిచేయును.

వాయుదేవుని తోరణము క్రింద నిలిచిన శ్రీరామచంద్రుడు, దేవుని కడప శ్రీలక్ష్మీవేంకటేశ్వరుడు పాఠకుల గృహములన్నింటి గడపలను చల్లగా చూచుగాక.